వేన్నీళ్లకు చన్నీళ్లు: కరెంటు ఇంట్లో వేడినీటి లెక్క



ఈనాటి మన పాఠ్యాంశం వేడినీళ్లు. పుదుచ్చేరి లాంటి ఊళ్లో వేడినీళ్ల మీద పాఠమా అని మీలో కొందరికి అనిపించవచ్చు. బంగాళాఖాతం ఒడ్డున ఉన్న ఈ పట్టణంలో జనవరి తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత సగటున 21 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. సిమ్లాలోలాగా గదిని వెచ్చబరిచే హీటరు ఇక్కడ ఎవరికీ అవసరం లేదు. అయినా కొత్త ఫ్లాట్లలో స్నానాలగది గోడమీద గీజరు కనిపిస్తూనే ఉంటుంది.

యానాం నుంచి, ఆంధ్రప్రదేశ్ నుంచి, తెలంగాణ నుంచి చదువుకోసం పుదుచ్చేరికి వచ్చే విద్యార్థులున్నారు. కాలాపట్టులోని విశ్వవిద్యాలయంలోనో, జిప్మర్‌లోనో చేరి నలుగురు కలిసి ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుంటారు. అక్కడ గ్యాసు ఉండకపోవచ్చు. అప్పుడు వంటకు ఇండక్షన్ పొయ్యి, నీళ్లకు గీజరు, గాలికి ఫ్యాను, అన్నీ కరెంటుతోనే. నెల తిరిగేసరికి బిల్లు వస్తుంది. అందులో వేడినీళ్ల వాటా ఎంత? దాన్ని తగ్గించాలంటే చలిలో వణుకుతూ స్నానం చేయాలా? అక్కరలేదు. ఎనిమిదో తరగతి నుంచి మీరు చదువుతున్న భౌతికశాస్త్రమే దారి చూపుతుంది. ఎలాగో చూద్దాం.

మనం కొనేది ఏమిటి?

విద్యుత్తు తీగలో ప్రవహించినప్పుడు వేడి పుడుతుందని, ఆ వేడికి, విద్యుత్తుకు మధ్య కచ్చితమైన లెక్క ఉందని 1840లలో ఇంగ్లండు శాస్త్రవేత్త జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ నిరూపించాడు. శక్తికి ప్రమాణమైన జౌలుకు ఆయన పేరే పెట్టారు. ఒక కిలో నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 4,186 జౌళ్లు కావాలి. దీన్నే నీటి విశిష్టోష్ణం అంటాం. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, అంటే 36 లక్షల జౌళ్లు. 36 లక్షలను 4,186తో భాగిస్తే 860 వస్తుంది.

ఈ 860 అనే అంకెను గుర్తుపెట్టుకోండి. ఒక యూనిట్ కరెంటు 860 లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడిచేస్తుంది. కాబట్టి సూత్రం చాలా సులువు. లీటర్లను, పెరగవలసిన డిగ్రీలతో గుణించి, 860తో భాగిస్తే యూనిట్లు వస్తాయి.

ఇందులో ఒక ముఖ్యమైన మాట ఉంది. మనం డబ్బు పెట్టి కొనేది వేడినీళ్లను కాదు. ఉన్న వేడికి, కావలసిన వేడికి మధ్య ఉన్న తేడాను మాత్రమే. పుదుచ్చేరి కుళాయిలో నీరు ఉదయం 26 డిగ్రీలు ఉందనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు చాలు. తేడా 14 డిగ్రీలు. ఢిల్లీలో జనవరిలో కుళాయి నీరు 12 డిగ్రీలు ఉంటే తేడా 28 డిగ్రీలు. అంటే అదే స్నానానికి ఢిల్లీవాసి రెట్టింపు కొనాలి. మిగిలినదంతా పుదుచ్చేరికి ఎండ, సముద్రం, నేల ఉచితంగా ఇస్తున్నాయి.

దీనికి ఇంకో ప్రయోజనం కూడా ఉంది. స్నానపు నీటిని 40కి బదులు 38 డిగ్రీలతో సరిపెట్టుకుంటే పుదుచ్చేరిలో 14లో 2 వంతులు, అంటే సుమారు 14 శాతం ఆదా. ఢిల్లీలో అదే రెండు డిగ్రీలకు ఆదా 7 శాతమే. తేడా చిన్నదైన చోట ప్రతి డిగ్రీకీ విలువ ఎక్కువ.

బకెట్టా, షవరా?

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక బకెట్‌లో 18 లీటర్లు పడతాయనుకుందాం. 18ని 14తో గుణిస్తే 252. దాన్ని 860తో భాగిస్తే సుమారు 0.3 యూనిట్. ఒక బకెట్ స్నానం ఖరీదు ఇంతే. నలుగురికి రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 35 యూనిట్లు.

షవర్ సంగతి చూద్దాం. నిమిషానికి 8 లీటర్లు పోసే షవర్ కింద 8 నిమిషాలు నిలబడితే 64 లీటర్లు. 64ను 14తో గుణించి 860తో భాగిస్తే ఒక యూనిట్ దాటుతుంది. నలుగురికి నెలకు 125 యూనిట్లు. రెంటికీ మధ్య వ్యత్యాసం 90 యూనిట్లు. గీజరు మార్చలేదు, కొత్త పరికరం కొనలేదు. మారింది లీటర్ల సంఖ్య ఒక్కటే. షవరే కావాలనుకునేవారు సన్నని ధార వచ్చే షవర్ తల బిగించుకుని, సబ్బు రుద్దుకునేటప్పుడు కుళాయి కట్టేస్తే సగం ఖర్చు తగ్గుతుంది.

ఇక్కడ బిల్లులోని శ్లాబుల సంగతి కూడా తెలుసుకోవాలి. పుదుచ్చేరిలో గృహ వినియోగదారులకు 100, 200, 300 యూనిట్ల దగ్గర శ్లాబు మారుతుంది. పైమెట్టుకు వెళ్లేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. ఈ ధరలను కేంద్రపాలిత ప్రాంతాల జాయింట్ ఎలక్ట్రిసిటీ రెగ్యులేటరీ కమిషన్ నిర్ణయిస్తుంది. దీపం, ఫ్యాను, ఫ్రిజ్ ఎలాగూ ఉండవలసినవే. వాటి పైన వేడినీళ్ల యూనిట్లు చేరతాయి. కాబట్టి మీరు ఆదా చేసే యూనిట్లు సగటు ధరవి కావు, మీ బిల్లులో అన్నిటికంటే ఖరీదైన చివరి మెట్టువి. మీ బిల్లు తీసి ఆ చివరి ధర ఎంతో చూడండి. దాన్ని 90తో గుణించండి.

ఇంకో అపోహను కూడా తొలగించుకుందాం. "1,500 వాట్ల హీటరుకు తక్కువ కరెంటు, 2,000 వాట్ల గీజరుకు ఎక్కువ కరెంటు" అని చాలామంది అంటారు. వాట్లు చెప్పేది వేగాన్ని మాత్రమే. రెండూ కరెంటును దాదాపు పూర్తిగా వేడిగానే మారుస్తాయి. అదే నీటిని అంతే వేడిచేయడానికి పెద్దది తక్కువసేపు, చిన్నది ఎక్కువసేపు పనిచేస్తుంది. యూనిట్లు ఒకటే.

గీజరులో నిలిచిన నీరు

15 లీటర్ల, 2,000 వాట్ల గీజరును తీసుకుందాం. 26 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు తేవడానికి 0.6 యూనిట్ కావాలి. అందుకు పట్టే సమయం 18 నిమిషాలు. ఈ 15 లీటర్లలో చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీరు 36 లీటర్లు తయారవుతుంది. అంటే సరిగ్గా రెండు బకెట్లు. వేన్నీళ్లకు చన్నీళ్లు తోడు అని మన పెద్దలు అన్నది సంసారం గురించే అయినా, గీజరు విషయంలో అది అక్షరాలా నిజం.

ఇప్పుడు ఒక ప్రశ్న. గీజరును రోజంతా వేసి ఉంచితే మంచిదా, అవసరమైనప్పుడు వేస్తే మంచిదా? "మాటిమాటికీ వేసి ఆపితే ఎక్కువ కాలుతుంది, వేసి ఉంచితేనే నయం" అనే మాట మీరు విని ఉంటారు. న్యూటన్ చెప్పిన శీతలీకరణ నియమం దీనికి జవాబిస్తుంది. వేడి వస్తువు తన చుట్టూ ఉన్న గాలికి కోల్పోయే వేడి, ఆ రెంటి ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. గీజరులో నీరు రోజంతా 60 డిగ్రీల దగ్గర ఉంటే నష్టం రోజంతా గరిష్ఠంగా ఉంటుంది. ఆపేస్తే నీరు చల్లబడేకొద్దీ నష్టం తగ్గుతుంది. స్నానాలు అయి వేడినీరు ఖర్చయిపోతే ఇక పోయేది ఏముంటుంది? కాబట్టి అవసరమైనప్పుడు వేయడమే మేలు.

ఈ నష్టం ఎంతో గీజరు మీద అంటించిన స్టార్ లేబుల్ చెబుతుంది. ఇంధన పరిరక్షణ చట్టం 2001లో వచ్చింది. దాని కింద 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2006లో ఈ స్టార్ లేబుళ్ల పద్ధతిని మొదలుపెట్టింది. గీజరు విషయంలో స్టార్లు చెప్పేది నీటిని ఎంత బాగా వేడిచేస్తుందని కాదు, వేడిచేసిన నీటిని ఎంత బాగా కాపాడుతుందని. 45 డిగ్రీల తేడా ఉన్నప్పుడు 24 గంటల్లో ఎన్ని యూనిట్ల వేడి పోతుందో లెక్కగట్టి స్టార్లు ఇస్తారు.

ఒక గీజరు లేబుల్ మీద ఆ నష్టం 0.5 యూనిట్ అని ఉందనుకుందాం. పుదుచ్చేరిలో గది 28 డిగ్రీలు, నీరు 60 డిగ్రీలు అయితే తేడా 32. అప్పుడు నష్టం రోజుకు సుమారు 0.36 యూనిట్, నెలకు దాదాపు 11 యూనిట్లు. ఇది ఎవరూ ఒక్క చెంబెడు నీళ్లు వాడకుండానే పోయే కరెంటు. స్నానానికి ఇరవై నిమిషాల ముందు వేసి, నీళ్లు కాగగానే ఆపి, ఇంట్లోవాళ్లు ఒకరి తరువాత ఒకరు వెంటనే స్నానం చేస్తే ఈ నష్టంలో చాలాభాగం మిగులుతుంది.

నిలవ నీటిని గోరువెచ్చగా రోజుల తరబడి ఉంచడం ఆరోగ్యానికీ మంచిది కాదు. లెజియోనెల్లా వంటి సూక్ష్మజీవులు గోరువెచ్చని నిలవ నీటిలోనే పెరుగుతాయి. అందుచేత గీజరులో నీటిని 60 డిగ్రీల దాకా కాచి, వెంటనే చన్నీళ్లు కలిపి వాడుకోవడం ఖర్చుకూ, ఆరోగ్యానికీ క్షేమం. సెలవులకు ఊరెళ్లి వచ్చాక ఈ జాగ్రత్త తప్పనిసరి.

గొట్టాల సంగతి కూడా మరచిపోకూడదు. గీజరు నుంచి కుళాయికి 10 మీటర్ల దూరం ఉంటే, 15 మిల్లీమీటర్ల లోవ్యాసం గల గొట్టంలో సుమారు 1.8 లీటర్ల నీరు ఇరుక్కుని ఉంటుంది. కుళాయి కట్టిన ప్రతిసారీ అంత వేడినీరు గొట్టంలోనే చల్లారిపోతుంది. చేతులు కడుక్కోవడానికి వేడినీళ్ల కుళాయి తిప్పితే, వేడినీరు వచ్చేలోపే చేతులు కడగడం అయిపోతుంది. వేడి మాత్రం గొట్టం పాలవుతుంది.

ఏ గీజరు ఎంచుకోవాలి?

నిలవ లేకుండా అప్పటికప్పుడు వేడిచేసే ఇన్‌స్టంట్ గీజరులో నిలవ నష్టం దాదాపు ఉండదు. కానీ నీటి ధార సన్నగా వస్తుంది. 3,000 వాట్ల గీజరు నీటిని 14 డిగ్రీలు పెంచుతూ నిమిషానికి 3 లీటర్లు ఇవ్వగలదు. ఆరు నిమిషాల్లో బకెట్ నిండుతుంది. ఢిల్లీ చలిలో అదే గీజరు నిమిషానికి లీటరున్నర మాత్రమే ఇస్తుంది, బకెట్‌కు పన్నెండు నిమిషాలు పడుతుంది. కాబట్టి ఇది పుదుచ్చేరి, విశాఖపట్నం, కాకినాడ లాంటి వెచ్చని ఊళ్లకు తగిన పరికరం. అయితే 230 వోల్టుల దగ్గర 3,000 వాట్లు అంటే 13 ఆంపియర్లు. దీనికి 16 ఆంపియర్ల సాకెట్, తగిన మందం గల విడి తీగ ఉండాలి. సెల్‌ఫోను చార్జరు పెట్టే చిన్న సాకెట్‌లో దీన్ని పెట్టకూడదు.

పుదుచ్చేరి పట్టణానికి వచ్చే నీరు ప్రధానంగా భూగర్భజలమే. నీటిలో లవణాలు ఎక్కువైతే గీజరు కాయిల్ మీద తెల్లటి సున్నపు పొర పేరుకుంటుంది. కాయిల్ నీటిలోనే మునిగి ఉంటుంది కనుక వేడి ఎటూ నీటికే చేరుతుంది. కరెంటు పెద్దగా వృథా కాదు. కానీ ఆ పొర కింద కాయిల్ అతిగా వేడెక్కి త్వరగా కాలిపోతుంది. ఏడాదికొకసారి శుభ్రం చేయిస్తే కొత్త కాయిల్ ఖర్చు తప్పుతుంది.

అద్దె ఇళ్లలో ఒక చిక్కుంది. గీజరు కొనేది ఇంటి యజమాని, బిల్లు కట్టేది అద్దెకున్నవారు. చౌక గీజరు కొంటే లాభం ఒకరిది, నష్టం మరొకరిది. అందుకే ఇల్లు చూసేటప్పుడు గాలీ వెలుతురూ చూసినట్లే గీజరు మీది లేబుల్‌ను, మీటరు ఎవరి పేరున ఉందో కూడా చూడండి.

ఎండ ఇచ్చే వేడి

మేడమీది ప్లాస్టిక్ ట్యాంకులో నీరు సాయంత్రానికి ఎంత వేడెక్కుతుందో మీరు గమనించే ఉంటారు. ఆ నీరు 34 డిగ్రీలు ఉందనుకుంటే, 40కి తేవడానికి బకెట్‌కు 0.13 యూనిట్ చాలు. ఉదయపు స్నానంలో సగం కూడా కాదు. చాలా రోజులు అదీ అక్కరలేదు. వేళ మార్చుకోగలిగినవారికి ఇంతకంటే చౌకైన సౌర హీటరు లేదు.

అసలైన సౌర హీటరు సంగతి వేరు. రెండు చదరపు మీటర్ల పలక రోజుకు సుమారు 100 లీటర్ల నీటిని 60 డిగ్రీల దాకా కాచగలదు. అది సుమారు 4 యూనిట్లకు సమానం. వసతిగృహాలకు, ఆసుపత్రులకు, హోటళ్లకు ఇది ఎంతో లాభం. బకెట్ స్నానాలు చేసే నలుగురికి కావలసింది 1.2 యూనిట్లే కనుక ఒక్క ఫ్లాటుకు ఇది పెద్దదవుతుంది. పైగా నాలుగో అంతస్తు మేడమీద నుంచి కింది ఇంటికి పొడవాటి గొట్టం కావాలి. ఫ్లాట్లవారంతా కలిసి పెట్టుకుంటే సమంజసం. పుదుచ్చేరికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. ఇక్కడ ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వల్లే కురుస్తుంది. అంటే వేడినీళ్లు కావాలనిపించే రోజుల్లోనే సూర్యుడు మబ్బుల చాటున ఉంటాడు. కాబట్టి కరెంటు తోడు ఉండాల్సిందే.

మేడమీద కరెంటు తయారుచేసే సౌర పలకలు మరో మార్గం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం ఇళ్లకు, ఫ్లాట్ల సంఘాలకు ఇందుకు రాయితీ ఇస్తుంది.

గోల్కొండ చెప్పే పాఠం

ఈ ఊళ్లో వేడిని కొనడం కంటే వేడిని బయటికి తోలడానికే ఎక్కువ ఖర్చవుతుంది. అక్కడ కూడా మన సూత్రమే వర్తిస్తుంది. బయటి వేడికి, గది వేడికి మధ్య తేడా ఎంత పెద్దదైతే ఏసీ ఖర్చు అంత ఎక్కువ. అందుకే 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా ప్రభుత్వం నిబంధన పెట్టింది.

ఆ తేడాను కట్టడంతోనే తగ్గించిన ఇల్లు పుదుచ్చేరిలోనే ఉంది. దాని పేరు గోల్కొండ. శ్రీ అరవిందాశ్రమం వారి వసతిగృహం అది. అప్పటి హైదరాబాద్ సంస్థాన ప్రధాని సర్ అక్బర్ హైదరీ ద్వారా హైదరాబాద్ నుంచి నిధులు రావడంతో ఆ పేరు పెట్టారు. వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్ దీన్ని రూపొందించాడు. 1930లలో మొదలై 1940లలో పూర్తయింది. ఉత్తర, దక్షిణ ముఖాలు నిలువెల్లా తెరచి మూయగల అడ్డపలకలు. ఎండ లోపలికి రాదు, గాలి ఆగదు. పైకప్పు మీద వంపు పలకల కింద గాలి పొర ఉంటుంది. ఏసీ లేకుండానే గదులు చల్లగా ఉంటాయి. ముందు ప్రకృతి ఏమిస్తుందో చూసి, తక్కువైనంత మాత్రమే కొనుక్కోవాలన్నదే ఆ కట్టడం చెప్పే పాఠం.

ఒక యూనిట్ వెనుక

పుదుచ్చేరి తన కరెంటులో అధికభాగాన్ని బయటి నుంచి కొంటుంది. నైవేలి లిగ్నైటు, కల్పాక్కం అణువిద్యుత్తు, మన రామగుండం బొగ్గు విద్యుత్తు, ఇవన్నీ అందులో ఉన్నాయి. బొగ్గును మండించి ఆవిరి చేసి టర్బైను తిప్పేటప్పుడు ఆ వేడిలో సుమారు మూడోవంతే కరెంటుగా మారుతుంది. సింగరేణి గని నుంచి ఇంత దూరం వచ్చిన శక్తితో మనం చేస్తున్నది నీటిని 14 డిగ్రీలు పెంచడం. దేశంలో సగటున ఒక్కో యూనిట్‌కు సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఇందాక మనం మిగిల్చిన 90 యూనిట్లంటే నెలకు 63 కిలోలు. పొదుపు జేబు ఒక్కదానికే సంబంధించినది కాదు.

ప్రాణం ముందు, పొదుపు తరువాత

బకెట్‌లో ముంచే హీటరు రాడ్ చౌక. ప్రమాదం కూడా దానితోనే ఎక్కువ. ముందు రాడ్‌ను నీటిలో పెట్టి, ఆ తరువాతే స్విచ్ వేయాలి. స్విచ్ ఆపి, ప్లగ్ పీకిన తరువాతే నీటిని తాకాలి. నీళ్లు కాగాయో లేదో వేలు పెట్టి చూడటం ప్రాణాంతకం. ఇనుప బకెట్ వాడవద్దు. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో, 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. బిగించారో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. గీజరుకున్న సేఫ్టీ వాల్వ్ నుంచి నీటి చుక్కలు కారుతున్నాయని దాన్ని మూసేయకండి. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది, ఆ ఒత్తిడి పోవడానికే వాల్వ్ ఉంది.

2024 నవంబరు 30న ఫెంజల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు 24 గంటల్లో 45 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. అలాంటప్పుడు తడిసిన సాకెట్లను, గీజర్లను పరీక్ష చేయించకుండా వేయకూడదు.

సారాంశం

వేడినీళ్ల ఖర్చును మూడు అంకెలు నిర్ణయిస్తాయి. ఎన్ని లీటర్లు, ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటల నిలవ. లీటర్లను బకెట్ తగ్గిస్తుంది. డిగ్రీలను ఎండ, వేళ తగ్గిస్తాయి. గంటలను మీ చేతిలోని స్విచ్ తగ్గిస్తుంది.

మీరు చేయవలసిన పని ఒకటుంది. ప్రయోగశాల థర్మామీటరుతో మీ కుళాయి నీటి ఉష్ణోగ్రతను ఉదయం ఆరుకు, సాయంత్రం ఐదుకు వారంరోజులు కొలవండి. మీరు స్నానానికి వాడే నీటి లీటర్లు, దాని వేడి కొలవండి. 860 సూత్రంతో యూనిట్లు లెక్కించండి. తరువాత మీటరు దగ్గర నిలబడి, మిగతావన్నీ ఆపి, గీజరు వేయడానికి ముందు, వేసిన తరువాత రీడింగు చూడండి. మీ లెక్కకు, మీటరుకు ఎంత తేడా వచ్చింది? ఆ తేడా ఎక్కడికి పోయిందో కనిపెట్టి రాయండి. మీ ఇంట్లో నిజంగా ఆదా చేయగలిగింది అక్కడే దొరుకుతుంది.